ఏనుగుకు లేదు, ఎద్దుకుంటే బంగారం

కౌండిన్య అడవి దిగి పలమనేరు చుట్టుపక్కల చేలల్లో పడిన ఏనుగు ఒక్క రాత్రిలో వరి, చెరకు, టమాటా ఏదీ మిగల్చదు. అంత తిండిపోతుకు పిత్తాశయం లేదని మీకు తెలుసా? మనిషికి ఉంది, కోడికి ఉంది, చేపకు ఉంది. ఏనుగుకు లేదు.

ఈ ప్రాంతానికి ఏనుగులు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చి చేరాయి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025లో కర్ణాటక ఇచ్చిన, అడవి ఏనుగులను తరిమే కుంకీ ఏనుగులకు పలమనేరు దగ్గరి ముసలిమడుగులో శిబిరం కట్టారు. చూడ్డానికి వెళ్లినవాళ్లు దంతాల పొడవు గురించి అడుగుతారు, రోజుకెంత మేత అని అడుగుతారు. కడుపులో లేనిదాని గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

ఎందుకు లేదంటే, నిల్వ చేసుకోవాల్సిన అవసరం దానికి తక్కువ. ఏనుగు రోజులో ముప్పాతిక భాగం మేస్తూనే ఉంటుంది. మేతలో కొవ్వు కొద్దిగానే ఉంటుంది. కాలేయంలో ఊరిన పైత్యరసం ఊరినట్టే పేగులోకి జారిపోతే సరిపోతుంది. మనం అలా కాదు. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం, పెళ్లి భోజనమైతే ఒక్కసారే నాలుగు గరిటెల నెయ్యి. అందుకే పైత్యరసాన్ని దాచి, అవసరానికి ఒక్కసారిగా వదిలే సంచి కావాల్సి వచ్చింది.

అలాగని మేత మేసేవాటికి పిత్తాశయం అక్కర్లేదని సూత్రం కట్టేయకండి. ఆవుకు, మేకకు, గొర్రెకు ఉంది. అదే కౌండిన్యలో తిరిగే దుప్పికి, కణితికి లేదు. గుర్రానికి లేదు, ఒంటెకు లేదు. కోడికి ఉంటే పావురానికి లేదు. చిట్టెలుకకు ఉంటే పెద్ద ఎలుకకు లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. సంచి లేకపోయినా ఆఫ్రికా ఏనుగుల పిత్తనాళాల్లో రాళ్లు దొరికిన సందర్భాలున్నాయి. పిత్తాశయం తీసేసిన మనుషుల్లోనూ అరుదుగా నాళంలో రాయి కనబడుతుంది.

చేదు సంచి

నాటుకోడిని కోసి శుభ్రం చేసే ఇల్లాలిని అడిగితే పిత్తాశయం ఎక్కడుంటుందో డాక్టరు కంటే ముందు చెబుతుంది. కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా ఉంటుంది. దాన్ని పగలకుండా తీయాలి. గోరు తగిలి చిట్లిందంటే ఆ పూట పులుసు చేదు. మనలోనూ అదే చోటు: కుడి పక్కటెముకల కింద, కాలేయం చాటున, 7 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే, అంటే ఒక చిన్న టీ కప్పుకు సగం. కాలేయం మాత్రం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. సంచి అందులో నీటిని పీల్చేసి మిగతాదాన్ని చిక్కబరుస్తుంది. చిక్కబరచడమే దాని పని, రాళ్లకు దారి తీసేదీ అదే.

కొవ్వు చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడి నుంచి ఒక హార్మోను రక్తంలో కలుస్తుంది. పిత్తాశయం ముడుచుకుని రసాన్ని పేగులోకి నెడుతుంది. ఈ హార్మోను ఉందని 1928లో అమెరికాలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న పుంగనూరు ఆవు పాలలో వెన్న మామూలు ఆవు పాలకు రెట్టింపు దాకా ఉంటుందని పేరు. ఆ పాలు ఒక గ్లాసు తాగితే మీ పిత్తాశయానికి ఆ పూట గట్టి పనే.

పేగులోకి వెళ్లిన పైత్య లవణాల్లో నూటికి 95 పాళ్లు వృథా కావు. చిన్నపేగు చివరి భాగం వాటిని తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపుతుంది. ఒకే సరుకు రోజుకు చాలాసార్లు అలా చుట్టు తిరుగుతుంటుంది.

ఎద్దు కడుపులో రాయి

మనిషి పిత్తాశయంలో రాయి వస్తే ఆస్తి కరుగుతుంది. ఆవుకో ఎద్దుకో వస్తే అది గోరోచనం. పలమనేరు పశువుల సంతలో జోడెద్దుల పళ్లు చూస్తారు, గిట్టలు చూస్తారు, సుడులు చూస్తారు. ఆ పశువు పిత్తాశయంలో రాయి ఉందో లేదో మాత్రం బతికుండగా కొనేవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. అది దొరికేది కబేళాలోనే. పసుపు, నారింజ, గోధుమ రంగులు కలిసిన ఈ రాయిలో ముఖ్య పదార్థం బిలిరుబిన్, అంటే కామెర్లలో కళ్లను పచ్చబరిచే రంగు పదార్థమే. ఆయుర్వేదం, సిద్ధవైద్యం, చైనా సంప్రదాయ వైద్యం మూడూ దీన్ని వాడతాయి. మన ఊళ్లలో పసిపిల్లలకు ఉగ్గులో రంగరించి నాకించే అలవాటు ఇంకా ఉంది. దీని గిరాకీలో చైనాదే పెద్ద వాటా. ఈ మధ్య అంతర్జాతీయ మార్కెట్లో తులానికి తులం బంగారాన్ని మించిన ధర పలికింది. అంత ధరకు అసలు సరుకు దొరకదు గనుక బజారులో గోరోచనం పేరుతో అమ్మేవాటిలో నకిలీలకు కొదవ లేదు. పసిబిడ్డ నోట్లో పెట్టేముందు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

పశువుల పిత్తనాళాల్లో మరో అతిథి కూడా కాపురం పెడుతుంది. అది కార్జపు జలగ. చెరువు గట్టున, మడుగుల్లో నత్తలుండే చోట మేసిన గొర్రెలకు, పశువులకు పడుతుంది. దవడ కింద నీరు దిగి ఉబ్బితే గొర్రెల కాపరి దీన్నే అనుమానిస్తాడు.

మన రాళ్లూ వాళ్ల రాళ్లూ ఒకటి కాదు

మనుషుల రాళ్లలో ప్రధానంగా రెండు జాతులు. పసుపు ఛాయలో ఉండేవి కొలెస్ట్రాల్ రాళ్లు. నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉండేవి బిలిరుబిన్ రాళ్లు. 1968లో మల్హోత్రా అనే రైల్వే వైద్యుడు దేశమంతటి రైల్వే ఉద్యోగుల లెక్కలు తీసి, పిత్తాశయ రాళ్లు దక్షిణాదిలో కంటే ఉత్తరాదిలో ఏడు రెట్లు ఎక్కువని రాశాడు. ఇప్పుడు తిండి మారింది, ఊరూరా స్కానింగ్ వచ్చింది కాబట్టి ఆ తేడా అప్పటిలా ఉంటుందనుకోనక్కర్లేదు. ఉత్తరాదిలో కొలెస్ట్రాల్ రాళ్లదే పైచేయి. దక్షిణాదిలో రంగు రాళ్ల వాటా ఎక్కువ. పిత్తాశయ క్యాన్సర్ కూడా గంగా మైదానంలో ఎక్కువ, మన వైపు చాలా తక్కువ. స్కాన్‌లో రాయి కనబడగానే క్యాన్సర్ అవుతుందేమోనని రాత్రంతా నిద్రపోని వాళ్లకు ఈ ముక్క చెప్పాలి.

ఎవరికి ఎక్కువ వస్తాయి? ఆడవాళ్లకు మగవాళ్ల కంటే ఎక్కువ. ఈస్ట్రోజన్ పైత్యరసంలో కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. గర్భంతో ఉన్నప్పుడు సంచి సరిగా ముడుచుకోదు. కాన్పు తర్వాత నాలుగైదు నెలలకు బాలింతకు పొట్ట పైభాగంలో నొప్పి వస్తే ఇంట్లో పెద్దవాళ్లు వాయువు అని వాము నీళ్లు ఇస్తారు. అది రాయి కూడా కావచ్చు. లావుగా ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, తలసీమియా, సికిల్ సెల్ లాంటి రక్తవ్యాధులున్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఆఖరిది వింటే ఆశ్చర్యపోతారు. గబగబా బరువు తగ్గినా రాళ్లు వస్తాయి. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనల కింద ఈ మాట చిన్న అక్షరాల్లోనైనా ఉండదు.

టమాటా గింజ నిర్దోషి

టమాటా గింజలు కడుపులో చేరి రాయవుతాయని మదనపల్లె మార్కెట్‌కు సరుకు తోలే రైతుల ఇళ్లలోనే నమ్ముతారు. గింజ వెళ్లేది పేగులోకి. పేగులోంచి పిత్తాశయంలోకి ఎక్కే దారి దానికి లేదు. బియ్యంలో మట్టిబెడ్డలు, సున్నం వేసిన తాంబూలం మీద కూడా ఇదే నేరం మోపుతుంటారు. పిత్తాశయంలో రాయి బయటి నుంచి వచ్చి చేరదు. మన కాలేయం పంపిన రసంలోంచే గడ్డకడుతుంది. టమాటా ధర కిలో రెండు రూపాయలకు పడిపోయి రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో దాని నెత్తిన ఈ నింద కూడా అక్కర్లేదు.

ఇంకో గందరగోళం కిడ్నీ రాయితో వస్తుంది. మూత్రపిండంలో రాయి ఉంటే ఎక్కువ నీళ్లు తాగమంటారు. అరటి దూట రసం, కొండపిండాకు కషాయం అని పదిమంది పది చెబుతారు. వాటి మంచిచెడ్డల సంగతి అటుంచితే, అవేవీ పిత్తాశయానికి సంబంధించినవి కావు. తాగిన నీళ్లు పిత్తాశయంలోంచి పారవు. ఎక్స్‌రేలో కూడా రెండూ వేరే. మూత్రపిండంలో రాళ్లు చాలావరకు ఎక్స్‌రేలో కనిపిస్తాయి, పిత్తాశయంలోవి నూటికి పదో ఇరవయ్యో మాత్రమే. అల్ట్రాసౌండ్ స్కాన్ అయితే దాదాపు అన్నిటినీ పట్టేస్తుంది.

స్కాన్‌లో కనిపించి తర్వాత మాయమయ్యే రాళ్లూ ఉన్నాయి. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కొన్ని రోజులు ఎక్కించాక, ముఖ్యంగా పిల్లల్లో, ఆ మందే పిత్తాశయంలో పేరుకుని రాయిలా కనబడుతుంది. మందు ఆపిన కొన్ని వారాలకు కరిగిపోతుంది. కిందటి నెల టైఫాయిడ్‌కు ఇంజెక్షన్లు పడ్డాయని చెప్పకపోతే స్కాన్ చేసే డాక్టరుకు మాత్రం ఎలా తెలుస్తుంది?

గ్యాస్ అనుకున్నది

పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లలో నూటికి ఎనభై మందికి ఏ బాధా ఉండదు. వేరే దేనికోసమో స్కాన్ చేస్తే బయటపడతాయి. అలాంటి మౌన రాళ్లలో ఏడాదికి నూటికి ఒకటో రెండో మాత్రమే నొప్పి మొదలుపెడతాయి. అందుకే నొప్పి లేని రాయికి మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. ‘రాయి ఉంది, తీసేయాలి’ అని స్కాన్ కాగితం చూసి భయపడి పరిగెత్తేవాళ్లూ, నొప్పితో మెలికలు తిరుగుతూ ‘గ్యాస్ అంతే’ అని ఇంట్లో కూర్చునేవాళ్లూ ఇద్దరూ మన చుట్టూ ఉన్నారు. ప్రమాదం ఎక్కువ ఉన్నది ఆ రెండోవాళ్లకే.

ఆ నొప్పికో తీరుంది. రాత్రి విందు భోజనం తర్వాత వస్తుంది. పొట్ట పైభాగంలో నడుమ గానీ, కుడి పక్కటెముకల కింద గానీ పట్టేస్తుంది. గంటల తరబడి వదలదు. వీపులోకి, కుడి భుజం మీదికి పాకుతుంది. పొట్టలో జబ్బుకు భుజం ఎందుకు నొస్తుందంటే, పిత్తాశయం పైనున్న డయాఫ్రమ్‌కు నరం మెడలోంచి దిగుతుంది. భుజం చర్మం నుంచి వచ్చే కబురూ వెన్నుపాములో అక్కడికే చేరుతుంది. రెంటిలో ఏది మాట్లాడుతోందో మెదడు తేల్చుకోలేదు. భుజానికి బామ్ రాసుకుని, పొట్టకు సోడా తాగి పడుకునేవాళ్లు మెదడు పొరపాటునే చేస్తున్నారన్నమాట. గుండె నొప్పి కూడా పొట్ట పైభాగంలోనే మొదలు కావచ్చు గనుక నలభై దాటినవాళ్లు ఈ నొప్పికి ముందు ఈసీజీ తీయించుకోవడమే తెలివి.

నొప్పి ఐదారు గంటలు దాటినా తగ్గక, జ్వరం కూడా తోడైతే రాయి సంచి మూతి దగ్గర ఇరుక్కుందని, పిత్తాశయం వాచిందని అనుమానించాలి. పిత్తాశయం వాపు కేసుల్లో నూటికి తొంభైకి పైగా రాయి వల్లే. డాక్టరు కుడి పక్కటెముకల కింద చేత్తో నొక్కి ‘గట్టిగా ఊపిరి పీల్చండి’ అంటాడు. వాపు ఉంటే పీల్చే ఊపిరి మధ్యలోనే ఆగిపోతుంది. చికాగో సర్జన్ జాన్ మర్ఫీ పేరుతో నూరేళ్లకు పైగా ఈ పరీక్ష నడుస్తోంది. ఖర్చు సున్నా. ఒకప్పుడు వాపు తగ్గేదాకా ఆరు వారాలు ఆగి ఆపరేషన్ చేసేవాళ్లు. ఇప్పుడు వీలైతే మొదటి కొద్ది రోజుల్లోనే తీసేయడం మేలంటున్నారు. ఆగినకొద్దీ నొప్పి మళ్లీ వస్తుంది, అతుకులు పెరుగుతాయి.

నొప్పి, చలిజ్వరం, కామెర్లు మూడూ కలిసి వచ్చాయా, రాయి సంచి దాటి పెద్ద నాళంలో పడి అడ్డం కొట్టి, అక్కడ చీము పడుతోందని అర్థం. అది ఒక్క రోజు కూడా ఆగే జబ్బు కాదు. మన దగ్గర చిక్కు కామెర్లతోనే. కళ్లు పచ్చబడగానే పసరు మందుకు, ఆకు తాళ్లకు బయల్దేరతారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొస్తుంది. రాయి అడ్డుపడ్డ కామెర్లకు ఏ పసరూ రాయిని కదపలేదు. మూత్రం ముదురు పసుపుగా మారి, మలం సున్నంలా తెల్లబడి, ఒళ్లంతా దురద పెడితే అది అడ్డం కొట్టిన కామెర్లని గుర్తు. పలమనేరు నుంచి చిత్తూరు మీదుగా వేలూరు సీఎంసీ, ఇటు తిరుపతి స్విమ్స్ రోజు తిరక్కుండా చేరగలిగిన దూరమే. అక్కడ నోట్లోంచి గొట్టం వేసి నాళంలోని రాయిని లాగేస్తారు. ఇదే రాయి ఇంకొంచెం కిందికి జారి క్లోమం దారికి అడ్డం పడితే క్లోమం వాస్తుంది. ఆ జబ్బుకు పిత్తాశయ రాళ్లు, మద్యం ఈ రెండే పెద్ద కారణాలు. మందు ముట్టని ఇల్లాలికి ఆ వాపు వచ్చిందంటే ముందు వెతికేది రాయినే.

సబ్బు రాళ్లు, ఎలుగు మందు

ఆలివ్ నూనె, నిమ్మరసం తాగితే తెల్లారేసరికి పచ్చని రాళ్లు పడిపోతాయనే చిట్కా ఫోన్లలో తిరుగుతుంటుంది. పడేమాట నిజమే. 2005లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు పరిశోధకులు అలా పడ్డవాటిని పరీక్షించి చూపించారు. అవి రాళ్లు కావు, తాగిన నూనె కడుపులో కట్టిన సబ్బు ఉండలు.

రాయిని కరిగించే మాత్ర ఒకటి నిజంగానే ఉంది. అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం. ఇది మొదట తెలిసింది ఎలుగుబంటి పైత్యరసంలో. ఇప్పుడు ఎక్కువగా పశువుల పైత్యరసం నుంచి తయారు చేస్తారు. చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీదే, అదీ నెలల తరబడి మింగితేనే పనిచేస్తుంది. ఆపితే రాళ్లు మళ్లీ రావచ్చు. దక్షిణాదిలో ఎక్కువగా కనిపించే నల్ల రాళ్ల మీద దాని ప్రతాపం చెల్లదు.

చేపల పిత్తం సంగతి వేరు. ఉబ్బసానికి, కంటిచూపుకు మంచిదని శీలావతి, బొచ్చె చేపల పిత్తాశయాన్ని పచ్చిగా మింగినవాళ్లకు మూత్రపిండాలు ఆగిపోయి డయాలసిస్ దాకా వెళ్లిన కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. ఉడికించినా ఆ విషం పోదు.

అడుగు కోత నుంచి నాలుగు చుక్కలకు

మొదటిసారి మనిషి పిత్తాశయాన్ని పూర్తిగా తీసేసింది బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్, 1882 జూలై 15న. రోగి వయసు 43. పదహారేళ్లుగా నొప్పి పడ్డవాడు. మర్నాడు జ్వరం లేదు, హాయిగా చుట్ట కాల్చాడట. అంతకుముందు వైద్యులు సంచిని కోసి రాళ్లు ఏరి, సంచిని అక్కడే వదిలేసేవాళ్లు. లాంగెన్‌బుక్ వాదన సూటిగా ఉంది: రాళ్లు ఉన్నందుకు కాదు, రాళ్లు పుట్టిస్తోంది కాబట్టి సంచినే తీసేయాలి. ఏనుగు, గుర్రం అది లేకుండానే బతుకుతున్నాయన్న వాస్తవం కూడా అప్పటికి తెలిసిందే.

1965 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆపరేషన్ తర్వాత చొక్కా ఎత్తి విలేకరులకు కోత చూపించాడు. పక్కటెముకల కింద పొడుగాటి మచ్చ. ఆ ఫొటో మీద కార్టూనిస్టు డేవిడ్ లెవిన్ మచ్చను వియత్నాం పటంలా గీసి చురక వేశాడు. ఇరవై ఏళ్లకు, 1985 సెప్టెంబరు 12న, జర్మనీలో ఎరిక్ ముహే కెమెరా గొట్టంతో చిన్న రంధ్రాల గుండా పిత్తాశయాన్ని తీశాడు. తోటి సర్జన్లు మెచ్చుకోకపోగా ఎగతాళి చేశారు. కొన్నేళ్లకు వాళ్లే గౌరవించారు. మన దేశంలో ఆ పద్ధతి 1990లో ముంబైలో టెహెమ్టన్ ఉద్వాడియా చేతుల మీదుగా మొదలైంది. ఇవాళ పొట్ట మీద మిగిలేది మూడు నాలుగు చుక్కల్లాంటి గాట్లు. చాలామంది ఒకట్రెండు రోజుల్లో ఇంటికి వస్తారు.

వాయిదా వేసినవాళ్లలో ప్రపంచానికి తెలిసిన పేరు చిత్రకారుడు ఆండీ వార్హోల్. ఆసుపత్రి అంటే భయంతో ఏళ్ల తరబడి తప్పించుకున్నాడు. చివరికి కుళ్లిన పిత్తాశయంతో ఆపరేషన్‌కు ఒప్పుకుని, మర్నాడే, 1987 ఫిబ్రవరి 22న కన్నుమూశాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో 85 ఏళ్ల ముసలమ్మ పిత్తాశయంలోంచి 23,530 రాళ్లు తీశారు. గిన్నిస్ పుస్తకంలో రికార్డు అదే.

సంచి లేకపోతే తిండి ఎలా అరుగుతుందని అందరూ అడుగుతారు. కాలేయం రసం తయారు చేయడం మానదు. అది నేరుగా పేగులోకి కారుతుంది. కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలుచబడతాయి. నెమ్మదిగా సర్దుకుంటుంది. రాగి సంగటి, పప్పు మొదటి వారం నుంచే తినొచ్చు. నాటుకోడి పులుసులో తేలే నూనెకు మాత్రం మూడు నాలుగు వారాలు ఆగితే సుఖం.

ఆపరేషన్ అయ్యాక రాళ్లను చిన్న సీసాలో పోసి ఇంటివాళ్లకు ఇస్తారు. బంధువులందరికీ చూపిస్తారు, లెక్కపెడతారు. తీసిన సంచిని మాత్రం పరీక్షకు ల్యాబ్‌కు పంపుతారు. అరుదుగా అయినా పైకి కనబడని క్యాన్సర్ బయటపడేది ఆ ల్యాబ్ రిపోర్టులోనే. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లినరోజు దాన్ని అడిగి తీసుకోండి.